చుక్కలు లేని పేరు

ఖోజలీ మేష్టారి గురించి ఎవర్నడిగినా ముందు ఆయన చెప్పుల సంగతే ఎత్తుతారు. కుడికాలి చెప్పు తెగితే కంప్యూటరు తీగతో కట్టుకుని రెండేళ్ళు నడిచాడు ఆ మనిషి. పాదాల దాకా వేలాడే తెల్లటి జలాబియా జేబు మీద ఎప్పుడూ సిరా మరక. టీ అడుగుతాడు, గ్లాసు పక్కన పెట్టుకుంటాడు, ఏదో ఆలోచనలో పడతాడు, అది చల్లారి నీళ్ళయ్యాక ఒక్క గుక్కలో తాగేసి "అబ్బ, ఎంత బావుందో అక్కా" అంటాడు. చల్లారిన టీలో బాగేముందయ్యా అని నాకు ఒళ్ళు మండేది. లవంగం, దాల్చినచెక్క దంచి వేసి, నిప్పుల మీద మరిగించి ఇచ్చేది పొగలు కక్కుతుండగా తాగడానికి కదా!

ఒమ్‌దుర్మాన్‌లో మా వీధి చివర ఆడపిల్లల హైస్కూలు ఉంది. మేష్టారు అందులో కంప్యూటర్లు నేర్పేవాడు. మొత్తం పదకొండు కంప్యూటర్లు, పనిచేసేవి నాలుగు. మిగతా వాటిని "నిద్రపోతున్నారు, లేపకండి" అనేవాడు. ఆ స్కూలు గోడకు ఆనుకునే నా బొగ్గుల కుంపటి, నాలుగు పీటలు. ఇరవై రెండేళ్ళుగా అదే చోటు. నూబా కొండల నుంచి మొగుడి వెంట వచ్చాను. మొగుడు పోయాడు, కుంపటి మిగిలింది. మా కొండల్లో రెండో ఆడపిల్లకు తోతో అని పేరు పెడతారు. అదే నా పేరు.

మేష్టారి ఇల్లు నా కుంపటికి ఎదురుగానే. ఇంట్లో ఆయనా, వాళ్ళమ్మ హాజ్జా సుర్రా. పెళ్ళెందుకు చేసుకోలేదండీ అంటే "నాకు నచ్చినమ్మాయి అమ్మకు నచ్చలేదు, అమ్మకు నచ్చినమ్మాయికి నేను నచ్చలేదు" అని నవ్వేవాడు. ఆ అమ్మ నోరు అలాంటిది మరి. నేను మొదటిసారి కుంపటి పెట్టిన రోజు గుమ్మంలో నిలబడి వీధంతా వినబడేలా అరిచింది. "ఈ ఖాదిమ్‌కు నా వాకిలే దొరికిందా?"

ఖాదిమ్ అంటే దాసీ. పుస్తకాల్లో ఆ మాటకు సేవ చేసేవాడని మంచి అర్థమే ఉందట. మా వీధుల్లో మాత్రం అది కొండల నుంచి వచ్చిన నల్లటి ఆడదాని మొహాన విసిరే తిట్టు. మా అమ్మమ్మల అమ్మమ్మలను సంతలో నిలబెట్టి అమ్మిన కాలం నాటి మాట. నేనూ ఊరుకోలేదు. "వాకిలి నీదే గానీ వీధి నీ పుట్టింటివాళ్ళు పెట్టిన సారె కాదు" అన్నాను. అప్పట్నుంచీ ఆవిడ నా దగ్గర టీ తాగింది లేదు, నేను ఆవిడ గుమ్మం తొక్కింది లేదు. ఏళ్ళు గడిచి ఆవిడ కళ్ళకు పొరలు కమ్మినా ఆ నోటికి మాత్రం ఏ పొరా కమ్మలేదు.

నా కూతురు మస్తూరా ఆ స్కూల్లోనే మేష్టారి దగ్గర చదువుకుంది. మస్తూరా అంటే దేవుడు కప్పి కాపాడినది అని అర్థం. మా రాతలో అలాంటి ఆడపేర్లకు చివర గుండ్రంగా ఒక అక్షరం వస్తుంది. దాని నెత్తిన రెండు చుక్కలు పెట్టాలి. చేత్తో రాసేవాళ్ళు సగంమంది పెట్టరు. మా పిల్ల అసలే పెట్టేది కాదు. స్కూలు వదిలాక నా కుంపటి దగ్గరే మేష్టారు దాని పుస్తకం తెరిచి కేకలేసేవాడు.

"మస్తూరా! నీ పేరు నెత్తిమీద చుక్కలేవీ?"

"చుక్కల్లేకపోతే అది నేను కాకుండా పోతానా సార్?"

"నువ్వు పోవు. మార్కులు పోతాయి."

అది మూతి ముడిచి పారిపోయేది. ఆయన ఎర్రసిరాతో ఆ రెండు చుక్కలూ తనే పెట్టి పుస్తకం మూసేవాడు.

ఒక గురువారం మధ్యాహ్నం ఆయన కంప్యూటరు చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, ఇవాళ మీ మస్తూరా, దాని జట్టూ కలిసి ఒక ఖాదిమ్‌ను తయారుచేశారు!"

నా చేతిలో పటకారు ఆగిపోయింది. "ఏంటీ? మళ్ళీ అనండి."

"ఖాదిమ్ అక్కా. నలభై వరుసల్లో..."

"మా తాతమ్మల్ని అలా తయారుచేసినవాళ్ళు చాలలేదా, మీరూ మొదలెట్టారా? లేవండి! నా పీట మీంచి లేవండి ముందు!"

పాపం, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పీట మీంచి లేచి నిలబడి, చంకలో కంప్యూటరుతో, తీగ కట్టిన చెప్పుతో, తడబడ్డాడు. "సర్వర్... సర్వర్ అక్కా. మన పుస్తకాల్లో దాన్ని అలా రాశారు. నా బుద్ధి గడ్డి తింది. ఆ మాట నీ చెవికి ఎలా వినబడుతుందో నాకు తట్టలేదు."

"పుస్తకం రాసినవాడికి అక్కచెల్లెళ్ళు లేరా?"

"ఉండే ఉంటారు. వాళ్ళని ఎవరూ అలా పిలిచి ఉండరు" అన్నాడు తల దించుకుని.

ఆ జవాబుకు నా కోపం సగం చల్లారింది. కూర్చోమన్నాను. అదేమిటో నాకు చెప్పకపోతే ఆయనకు నిద్ర పట్టేలా లేదు.

"నువ్వు పొద్దున్నే వచ్చి ఏం చేస్తావు?"

"ఇక్కడ కూర్చుంటా."

"ఎప్పుడూ ఇదే చోటు. అందరికీ తెలిసిన చోటు. తర్వాత?"

"ఎవరొస్తారా అని చూస్తా. వస్తే ఏం కావాలంటా. అడిగింది పోసిస్తా. తాగి గ్లాసు ఇచ్చేస్తారు. కడిగి పెట్టి ఇంకొకరి కోసం చూస్తా."

"అంతే! ఇదీ అచ్చం అంతే చేస్తుంది. పైథాన్ అని ఒక భాషుంది, చాలా తేలిక, అందులో రాశారు పిల్లలు. ఒక నంబరు దగ్గర కూర్చుంటుంది. చెవి ఒగ్గి వింటుంది. ఎవరో తలుపు తడతారు. అడిగింది ఇస్తుంది. తలుపు మూస్తుంది. మళ్ళీ వింటుంది. వచ్చినవాడి జాతేంటి, రంగేంటి అని అడగదు. అడగందే మాత్రం ఏదీ ఇవ్వదు."

"అడగందే అమ్మయినా పెట్టదు. దీని గొప్పేముంది? లేనిదడిగితే?"

"లేదని చెబుతుంది. అదీ ఒక జవాబే. నాలుగొందల నాలుగని దానికో నంబరు కూడా ఉంది."

"పాలు లేవంటే నన్ను తిట్టిపోతారు. దానికేమో లేదనడానికి కూడా నంబరా!"

మేష్టారి వెనకే వచ్చిన మస్తూరా పక్కన నిలబడి పడీపడీ నవ్వింది. తన ఫోన్లో ఏదో కొట్టి నా ముందు పెట్టింది. తెల్లటి పేజీ మీద ఒకే మాట. "రండి" అని రాసి ఉందట. ఆ ఫోను అడిగింది, మేష్టారి ఒళ్ళో కంప్యూటరు ఇచ్చింది. "అయితే నేనే మీ ఖాదిమ్‌కు గురువునన్నమాట" అన్నాను. ఆ రోజు నుంచీ మా ముగ్గురి మధ్యా దాని పేరు అదే అయిపోయింది. తిట్టును ఇంట్లోకి తెచ్చి పెంచుకున్నట్టు పెంచుకున్నాం.

తర్వాత యుద్ధం వచ్చింది. దాని గురించి చెప్పడానికి నాకు నోరు రాదు, ఎవరు ఎవర్ని ఎందుకు కొట్టారో ఇప్పటికీ నాకు తెలియదు. స్కూలు మూతపడింది. మస్తూరాకు ఇరవై నిండాయి అప్పటికి. పెద్ద బజారులో ఒక కుట్టుకొట్లో పనిచేసేది. రెండో నెలలో ఒక పొద్దున, కొట్టు దోచుకుపోకముందే తన మిషను తల విప్పి తెచ్చుకుంటానని బయల్దేరింది. వద్దన్నాను. "మిషను పోతే ఏం తింటామమ్మా? మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా. పప్పు నానబెట్టు" అంది. పసుపుపచ్చ తోబు ఒళ్ళంతా చీరలా చుట్టుకుని వెళ్ళింది. ఆ పప్పు మూడు రోజులు నానింది. నాలుగో రోజు పారబోశాను.

ఎనిమిది నెలలు తిరిగాను. బజారు దారి ఎప్పుడు మూస్తారో ఎప్పుడు తెరుస్తారో తెలియదు. తర్వాత ఫోన్లు కూడా మూగబోయాయి. ఏ ఇంటివాళ్ళు ఏ ఊరు పారిపోయారో, ఎవరు ఉన్నారో, ఎవరు లేరో తెలిసే దారి లేదు. శ్మశానాలకు పోలేక జనం ఎక్కడివాళ్ళని అక్కడే పాతిపెట్టారు. బజారు అవతల ఫుట్‌బాల్ మైదానంలో కుర్రాళ్ళు వరసలు వేసి పాతిపెట్టి, ఒక నోటుబుక్కులో రాసేవారట. జేబులో కార్డుంటే పేరు. ఉన్నా లేకపోయినా ఒంటి మీది గుడ్డ రంగు, గుర్తులు. ఏ వరస, ఎన్నోది.

ఆ బుక్కు సంగతి విన్నాక ఖోజలీ మేష్టారు వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. వచ్చినప్పుడు పాత ఖాదిమ్‌ను మళ్ళీ లేపుకుని వచ్చాడు. స్కూలు మేడ మీద ఎండపలక పెట్టి, దాని కరెంటుతో కంప్యూటరు నడిపి, గోడ చుట్టుపక్కల నిలబడ్డ ఏ ఫోనయినా అడిగితే జవాబు వచ్చేలా చేశాడు. ఊరిని, దేశాన్ని దాటే నెట్టు కాదు అది. మా వీధి మటుకే. మందుల కొట్లో పనిచేసే ఇబ్తిసామ్ అనే పిల్ల నోటుబుక్కు కాగితాలు తెప్పించి అందులో ఎక్కించేది. అడగాల్సిన చిరునామా గోడ మీద బొగ్గుతో రాశారు. చివర ఎనిమిది వేలు అని ఉండేది. అది నేను కూర్చునే చోటు లాంటిదేనట, దాని తలుపు నంబరు. ఒక ముసలాయన అది రుసుము అనుకుని "అంత నేనెక్కడ తేను నాయనా" అని వెనక్కి తిరిగిపోతుంటే మేష్టారు వెంటపడి పట్టుకొచ్చాడు. ఎన్నాళ్ళకో మా వీధి నవ్వింది ఆ రోజు.

మొదటిరోజు అడిగినవాళ్ళందరికీ పేర్లకు బదులు వరసగా ప్రశ్న గుర్తులే వచ్చాయి. "నా కొడుకెక్కడరా అంటే నన్నే ఇన్ని ప్రశ్నలడుగుతుందేం?" అని ఒకావిడ ఏడుపందుకుంది. మేష్టారు నుదురు కొట్టుకున్నాడు. ఏ లిపిలో చదవాలో పేజీకి చెప్పడం మరిచిపోయాడట. ఖాదిమ్ రాతలో ఒక వరస చేర్చాడు, అక్షరాలు వచ్చాయి.

పేర్లన్నీ ఒకేచోట చూపించెయ్యవచ్చు కదా అని ఇబ్తిసామ్ అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. "ఎవరి మనిషి పేరు వాళ్ళు అడగాలి. ఊరందరి చావులూ చదివి తమవాళ్ళను ఏరుకోమని చెప్పే హక్కు నాకు లేదు" అన్నాడు.

ఇక నా సంగతి. రోజూ పొద్దున కుంపటి రాజేయకముందే నేను మేడ ఎక్కేదాన్ని. నాకు చదువు రాదు. మొదటిరోజు ఆయనే కొట్టాడు, మస్తూరా తియా కుకు అని. దాని పేరు, దాని తండ్రి పేరు, తాత పేరు. కొడుతూ కొడుతూ ఆగి, "తను రాసుకున్నట్టే చుక్కల్లేకుండా కొట్టానక్కా. వచ్చాక దాని చేతనే పెట్టిస్తాను" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఖాదిమ్ ఒక్క క్షణం ఆలోచించి జవాబిచ్చింది. దొరకలేదు.

దొరకలేదంటే మైదానంలో లేదని. లేదంటే ఎక్కడో ఉందని! కళ్ళకద్దుకున్నాను ఆ మాటను. మెట్లు దిగి వచ్చి కుంపటి రాజేసి, ఆ పూట మొదటి గ్లాసు ఎవరొస్తే వాళ్ళకు ఊరికే పోశాను. అలా నలభై నాలుగు పొద్దులు. రోజూ ఆయన కొట్టడం, అది లేదనడం, ఆయన "లేదక్కా!" అని పండగలా అనడం. ఆ ఒక్క మాట తిని బతికాను నేను.

తర్వాత ఏమైందో ఆయన మారిపోయాడు. పేరు కొడతాడు, లేదంటాడు, నా మొహం మాత్రం చూడడు. టీ ఇస్తే చల్లారాక కూడా తాగకుండా వదిలేశాడు. "ఏంటండీ, మా టీ చేదెక్కిందా?" అంటే "కడుపులో బాగాలేదక్కా" అన్నాడు. వాళ్ళమ్మకేమైనా బాగాలేదేమో అనుకున్నాను. అలా తొమ్మిది పొద్దులు గడిచాయి.

పదో రోజు ఆయన మేడ మీద లేడు. ఎండ నెత్తికెక్కే వేళకు వీధి మలుపులో కనబడ్డాడు. చెప్పులకూ, జలాబియా అంచుకూ ఎర్రమట్టి. నా ఎదుట పీటల మీద ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆయన కూర్చోలేదు. నా ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తి అరచేతులు తెరిచాడు.

మా దగ్గర చావు కబురు ఫోన్లో చెప్పరు, ఇంకొకరితో చెప్పి పంపరు. తెలిసినవాళ్ళే రావాలి. వచ్చి ఎదుట నిలబడి పోయినవాళ్ళ కోసం ఫాతిహా చదవడానికి చేతులెత్తాలి. ఆ చేతులు చూసి ఇంటివాళ్ళూ చేతులెత్తితే, అప్పుడు ఆ చావు జరిగినట్టు.

"దించండి" అన్నాను.

ఆయన దించలేదు.

"దించమంటున్నానా! ఇవాళ పొద్దున ఇంకా అడగనే లేదు నేను. పదండి మేడ మీదికి, అడుగుదాం. అది లేదంటుంది. దించండి మేష్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆయన కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చేతులు దించలేదు. పీటల మీది వాళ్ళు లేచి నిలబడి వాళ్ళూ ఎత్తారు. కుంపటి మీద నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోయాయి. చివరికి నా చేతులు కూడా లేచాయి. నా కూతురు అప్పుడు చచ్చిపోయింది.

జరిగింది తర్వాత ఆయనే చెప్పాడు. ఆమ్నా అనే భార్య కోసం వచ్చిన ఒకాయనకు ఖాదిమ్ లేదని చెప్పిందట. "లేదంటుందేంటి? బుక్కులో నా కళ్ళతో చూశాను" అన్నాడట ఆయన. మేష్టారు వెతికితే తెలిసింది. కుర్రాళ్ళు కార్డు చూసి చుక్కలతో రాశారు, ఆ భర్త చుక్కల్లేకుండా అడిగాడు. మనుషులకు రెండూ ఒకటే. కంప్యూటరుకు చుక్కలున్నది ఒక అక్షరం, లేనిది ఇంకో అక్షరం. వెతికేముందు రెంటినీ ఒకటిగా చేసే వరస ఒకటి ఖాదిమ్ రాతలో చేర్చాడు. సరిగ్గా ఉందో లేదో చూద్దామని చేతికి అలవాటైన పేరు కొట్టాడు. రోజూ కొట్టే పేరు. ఖాదిమ్ జవాబిచ్చింది. మూడో వరస, ఏడోది. పసుపుపచ్చ తోబు. వేలికి కుట్టుపని తొడుగు.

తను కొత్తగా చేర్చిన వరసను ఆయన వెంటనే చెరిపేశాడు. మర్నాడు పొద్దున నేను మెట్లెక్కి వస్తాను కదా, అది నాకు చెప్పేస్తుంది కదా, అందుకు. మైదానానికి వెళ్ళి కళ్ళారా చూడకుండా చేతులెత్తలేనని ఆగాడు. దారి తొమ్మిది రోజులు తెరుచుకోలేదు.

"మస్తూరా చావు నీకు మిషను చెప్పకూడదనుకున్నానక్కా."

"మీ మిషను కాదు, మీరే చెప్పారు నాకు. లేదు లేదని తొమ్మిది రోజులు మీ నోటితో చెప్పారు. దాని పేరు దిద్దీ దిద్దీ చివరికి మీరే చుక్కలు వదిలేశారు" అన్నాను. ఆ మాట ఆయన్ను ఎక్కడ తాకుతుందో తెలిసే అన్నాను. తాకాలనే అన్నాను.

"నీ కోసం ఆపితే ఇంకో ముగ్గురికి కూడా అబద్ధం చెప్పింది అది" అన్నాడు ఆయన నేల చూస్తూ. "వాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్ళాలి." వెళ్ళాడు కూడా. మూడిళ్ళకూ నడిచి వెళ్ళి చేతులెత్తి వచ్చాడు. ఒక ఇంట్లో ఆయన్ని కొట్టారని విన్నాను. ఆయన చెప్పలేదు.

పరామర్శకు మా ఇంటి ముందు చాప పరిచిన మూడు రోజులూ హాజ్జా సుర్రా వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని, తడుముకుంటూ. నా గుమ్మం ఆవిడ తొక్కడం అదే మొదటిసారి. క్షమించమని అనలేదు, ఓదార్చనూ లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా పక్కన చాప మీద కూర్చుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే మాత్రం "నోర్ముయ్యండి, ఆమె బిడ్డ పోయింది" అని కసిరింది.

మేష్టారితో నేను నలభై రోజులు మాట్లాడలేదు. నలభై ఒకటో రోజు టీ పోసి ఎదురుగా పెట్టి, "ఆ అక్షరం ఎలా ఉంటుందో నాకు చూపించండి" అన్నాను. ఆయన బొగ్గు తీసుకుని గోడ మీద రాశాడు. ముందు గుండ్రం, నెత్తిన రెండు చుక్కలు. తర్వాత మస్తూరా పేరంతా రాశాడు. రోజుకు నాలుగు అక్షరాల చొప్పున యాభై ఏళ్ళ వయసులో చదువు నేర్చుకున్నాను నేను, నా బిడ్డ పేరుతో మొదలుపెట్టి. ఒకసారి ఆయన పేరు రాయమంటే రాశాడు. ఖోజలీ. దాని చివర తోకలాంటి అక్షరం, దాని అడుగున రెండు చుక్కలు.

"వీటిని కూడా జనం పెట్టరా?" అని అడిగాను.

"ఎక్కడ పెడతారు! నేనే పెట్టను." ఉన్నట్టుండి ఆగాడు. "అరె, దీన్ని కూడా సరిచెయ్యాలి అక్కా. రేపు చూస్తాను." గ్లాసు చల్లారిపోయింది అప్పటికి. ఒక్క గుక్కలో తాగి, ఎంత బావుందో అన్నాడు.

వానల్లో జ్వరాలు మొదలయ్యాయి. మైదానం నుంచి కాగితాలు రావడం ఆగిపోయింది. రాసే కుర్రాళ్ళు కూడా పడిపోయారట. కొత్త నోటుబుక్కు నేనే తెస్తానని మేష్టారు బయల్దేరాడు. చెప్పుకు కొత్త తీగ కట్టుకున్నాడు. "అమ్మను కాస్త కనిపెట్టుకుని ఉండక్కా" అన్నాడు. రెండు రోజుల్లో రావాల్సిన మనిషి పది రోజులైనా రాలేదు.

హాజ్జా రోజూ పొద్దున్నే గుమ్మంలో నులక మంచం మీద కూర్చుని నన్ను కేకేసేది. "ఒసే తోతో! పోయి మీ ఖాదిమ్‌ను అడుగు, నా కొడుకు పేరు." ఆవిడకు అదేమిటో ఆయనే చెప్పి ఉంటాడు. నేను మేడ ఎక్కేదాన్ని. ఇబ్తిసామ్ కొట్టేది. దొరకలేదు. దిగి వచ్చి "లేదు హాజ్జా" అనేదాన్ని. ఆవిడ మొహం విచ్చుకునేది. "లేడు కదా! జ్వరమేదో తగిలి ఎక్కడో పడుకుని ఉంటాడు, వెధవ. రానీ చెప్తా" అనేది. ఆ మొహం నాకు తెలుసు. నలభై నాలుగు పొద్దులు అది నా మొహమే.

పన్నెండో రోజు నేను మేడ ఎక్కేసరికి ఇబ్తిసామ్ ముందు కొత్త నోటుబుక్కు ఉంది. తడిసి ఆరి ఉబ్బిన అట్ట; మైదానం నుంచి రాత్రి ఎవరో తెచ్చిస్తే పేర్లన్నీ అప్పటికే ఎక్కించేసిందట. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రోజూ కొట్టినట్టే చుక్కల్లేకుండా పేరు కొట్టి ఫోను నా వైపు తిప్పింది. దొరకలేదు అని ఉంది. అది ఇప్పుడు నేనే చదవగలను. నేను ఫోను వదిలి బుక్కు తీసుకున్నాను. చివరి పేజీ. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. చివరిది తోకలా ఉంది. కార్డు చూసి ఎవరో శ్రద్ధగా రాశారు. అడుగున రెండు చుక్కలూ ఉన్నాయి. పక్కన, కుడిచెప్పుకు తీగ అని రాశారు.

"ఈ అక్షరం సరిచెయ్యడం సార్ మరిచిపోయారు పిన్నీ" అంది ఇబ్తిసామ్ ముక్కు చీదుకుంటూ. "ఒక్క వరస. ఇప్పుడే రాసేస్తా. ఇలాంటి పేర్లు ఇంకెన్ని ఉన్నాయో."

"ఆగు" అన్నాను.

"ఏం?"

"నన్ను కిందికి దిగి ఆవిడ దగ్గరికి వెళ్ళనివ్వు. తర్వాత రాయి."

ఆ మాట అన్నాక మెట్ల మీద కూర్చుండిపోయాను. తొమ్మిది రోజులు ఆయనెలా మోశాడో నాకు ఆ పద్దెనిమిది మెట్లు దిగేటప్పుడు తెలిసింది. అయ్యో నా తండ్రీ, ఆ రోజు ఆయన్ను నేనన్న మాట వెనక్కి తీసుకుందామంటే ఇప్పుడు ఎవరికి చెప్పను?

వీధి దాటాను. ఇరవై రెండేళ్ళలో ఆ గుమ్మం ఎక్కడం నాకు అదే మొదటిసారి. హాజ్జా మంచం మీద కూర్చుని ఉంది. నేను ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఎత్తి అరచేతులు తెరిచాను. ఆవిడ కళ్ళు నా వైపే ఉన్నాయి. కనబడలేదు.

"ఎవరే?"

"తోతోని."

"ఇవాళ ఇంతసేపా? ఏమందే ఖాదిమ్?"

నా చేతులు ఎత్తే ఉన్నాయి.

"నీ నోరు పడిపోయిందా? ఖాదిమ్ ఏం చెప్పిందే అంటే!"

నేను ఆవిడ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఒళ్ళో ఉన్న ఆ రెండు ముసలి చేతులూ అందుకుని, అరచేతులు విప్పి, నా చేతులతో పాటు పైకెత్తాను. అవి కాసేపు నా చేతుల్లో బరువుగా ఉన్నాయి. తర్వాత వాటంతటవే నిలబడ్డాయి.